మన తాతల ఊరు: వంశచరిత్ర సేకరణలో పంచాయతీ సభ్యుల పాత్ర

మూడు తరముల పేర్లు తడుముకొనకుండ చెప్పగలవారు మన గ్రామములలో నేటికిని కనిపించుదురు. నాలుగవ తరము వచ్చుసరికి మాట నెమ్మదించును. అయిదవ తరమునకు "మావాళ్లు ఎక్కడినుంచో వచ్చారంట" అను వాక్యముతో కథ ముగియును. ఆ "ఎక్కడినుంచో" అను మాటకు బదులుగా ఒక ఊరిపేరు, ఒక తాలూకా పేరు, ఒక సంవత్సరము చెప్పగలుగుటయే వంశచరిత్ర సేకరణము. దీనికి గొప్ప పాండిత్యము అక్కరలేదు. ఓపిక, ఒక నోటుపుస్తకము, పెద్దలయెడ గౌరవము చాలును.

ఈ పనికి నేడు ఒక కొత్త సదుపాయము కలిగినది. వంశచరిత్రయందు ఆసక్తిగలవారు దేశదేశములనుండి అంతర్జాలము ద్వారా ఒకరికొకరు తోడ్పడుచున్నారు. ఒకరు పాత ఓడల పట్టికలు చదివి పెట్టుదురు. ఒకరు ఉర్దూ కాగితమునకు అర్థము చెప్పుదురు. కాని వారెవ్వరును దూరమునుండి చేయలేని పని ఒకటి కలదు. అది ఊరిలోని వృద్ధులను అడిగి వ్రాసికొనుట. ఆ పని ఊరివారే చేయవలెను. పల్నాటిలోని నడికుడి గ్రామమును ఉదాహరణగా తీసికొని ఈ విషయమును పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

ఇల్లు కదలలేదు, జిల్లా మారినది

నడికుడి దాచేపల్లికి చేరువనున్న ఊరు. గుంటూరు, మాచర్ల, హైదరాబాదు రైలుమార్గములు ఇచ్చట కలియును. ఈ ఊరిలో ఒక కుటుంబము రెండువందల ఏండ్లుగా ఒకే ఇంట కాపురమున్నదనుకొందము. 1801లో కర్ణాటక నవాబు రాజ్యము కుంఫిణీవారి వశమైన పిదప పల్నాడు గుంటూరు జిల్లా పాలనలోనికి వచ్చినది. 1859లో గుంటూరు జిల్లాను రద్దు చేసినప్పుడు పల్నాడు కృష్ణా జిల్లాలో చేరినది. 1904లో గుంటూరు జిల్లా మరల ఏర్పడినది. 1985లో తాలూకాలు పోయి మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా అవతరించినది. ఆ కుటుంబము గడప దాటలేదు. కాని కాగితములలో వారి చిరునామా ఇన్నిసార్లు మారినది.

ఈ వరుస తెలియనివారు 1880 నాటి కాగితమును గుంటూరు జిల్లా పేరుతో వెదకి, దొరకక నిరాశపడుదురు. ఆ నాటి కాగితములు కృష్ణా జిల్లా పేరుతో ఉండును. 1883లో గోర్డన్ మెకంజీ అను దొర ప్రకటించిన కృష్ణా జిల్లా వివరణ గ్రంథములోనే పల్నాటి వృత్తాంతము కూడ ఉన్నది. ఇక కృష్ణానది ఆవలి ఒడ్డు సంగతి వేరు. పొందుగలకు ఎదుటనున్న వాడపల్లి 1948 వరకు నిజాము రాజ్యము. అచ్చటి పాత రెవెన్యూ కాగితములలో పెక్కు ఉర్దూలో ఉన్నవి. కనుక వంశచరిత్ర వ్రాయువారు మొదట చేయవలసినది, తమ ఊరు ఏ కాలమున ఏ జిల్లాలో, ఏ తాలూకాలో ఉన్నదో ఒక కాగితముపై వరుసగా వ్రాసికొనుట.

అవ్వ చెప్పిన సంగతులు

నడికుడిలో ఒక ఇంట మేము కూర్చున్నప్పుడు ఆ ఇంటి మనుమడు తాను సెల్‌ఫోనులో తయారుచేసిన వంశవృక్షమును చూపినాడు. ఆరు తరముల మగవారి పేర్లు చక్కగా వ్రాసి ఉన్నవి. ఆడవారి పేర్లు రెండే ఉన్నవి. ప్రక్కనే మంచముపై కూర్చున్న అతని నాయనమ్మను "మీ అత్తగారిది ఏ ఊరు, అవ్వా?" అని అడిగితిమి. "తంగెడ. ఆమె అత్తది గామాలపాడు. ఆ పైన ఆమె ఏటికవతల పిల్లంట. పుట్టి ఎక్కి కాపురానికొచ్చిందని మా అత్త చెప్పేది" అని ఆమె తడుముకొనకుండ చెప్పినది. ఈ సంగతులు ఆ ఇంటిలో ఏ కాగితమునందును లేవు. ఆ ఒక్క మాటతో, నిజాము వైపు కాగితములలో వెదకవలసిన అవసరము కలదని మనుమనికి తెలిసినది. అతడు అప్పటికప్పుడే వ్రాసికొన్నాడు.

పెండ్లితో ఇంటిపేరు మారుట చేత ఆడపడుచుల జాడ కాగితములలో త్వరగా తప్పిపోవును. అందుచేత ప్రతి స్త్రీ పేరుకు ఎదురుగా ఆమె పుట్టినిల్లు, పుట్టినింటివారి ఇంటిపేరు వ్రాయవలెను. ఇల్లరికము వచ్చిన అల్లుని, దత్తత వచ్చిన బిడ్డను ఆ మాటతోనే గుర్తింపవలెను. తాతపేరు మనుమనికి పెట్టుట మన ఆచారము కనుక, ఒకే వంశములో ముగ్గురు వెంకయ్యలుండుట వింత కాదు. తండ్రి పేరు, భార్య పేరు కలిపి వ్రాసినగాని వారిలో ఎవరు ఎవరో తేలదు. ఇంటిపేరు ఒక్కటే అయినంత మాత్రమున బంధుత్వమున్నదని తలపరాదు. దాచేపల్లి, గురజాల, మాచర్ల, కారంపూడి అను ఊరిపేర్లే ఇంటిపేర్లుగా గలవారు ఎన్నో చోట్ల ఉన్నారు. వారి పూర్వులు ఈ ప్రాంతమునుండి వెళ్లియుండవచ్చునని మాత్రమే దానివలన ఊహింపవచ్చును.

కరవును బట్టి కాలము

పెద్దలు అంకెలలో సంవత్సరము చెప్పరు. "నందన కరవుకు ముందు", "ధాత కరవులో చంటిబిడ్డ" అని చెప్పుదురు. తెలుగు సంవత్సరముల పేర్లు అరువది ఏండ్లకొకమారు తిరిగి వచ్చును. నందన అనగా 1832, 1892, 1952, 2012 సంవత్సరములలో ఏదైనను కావచ్చును. గుంటూరు ప్రాంతమును పాడుచేసిన మహాక్షామము 1832–33 నాటి నందన. ధాత కరవు 1876–78 నాటిది. తరమునకు సుమారు పాతిక, ముప్పది ఏండ్లు లెక్కించినచో ఏ నందనయో తెలిసిపోవును. నేటి పెద్దలకు నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలిన 1967వ సంవత్సరము మంచి గుర్తు. "సాగరు నీళ్లు రాకముందా, వచ్చినాకనా?" అని అడిగినచో పెండ్లి ఎప్పుడు జరిగినదో చెప్పగలరు. పాత రెవెన్యూ కాగితములపై ఫసలీ సంవత్సరము కనిపించినచో దానికి 590 కలుపవలెను. ఫసలీ 1310 అనగా 1900 జులై మొదలు 1901 జూన్ వరకు.

కాగితములు ఎచ్చట దొరకును

మొదట ఇంటి పెట్టెను చూడవలెను. జాతకములు, శుభలేఖలు, పంపకాల కాగితములు, పాత దస్తావేజులు అందులో ఉండును. పాఠశాల ప్రవేశ పుస్తకములో తండ్రి పేరు, పుట్టిన తేదీ దొరకును. గ్రామములలో జనన మరణముల నమోదునకు 1899లోనే మద్రాసు చట్టము వచ్చినది. నేడు అమలులోనున్నది 1969 నాటి చట్టము. పాత పుస్తకములు పంచాయతీలో లేనిచో తహసీల్దారు కచేరీలో విచారింపవలెను. 1984లో కరణము, మునసబు పదవులు రద్దయినప్పుడు గ్రామ లెక్కలు చేతులు మారినవి. అందుచేత ఒకచోట లేవన్నంత మాత్రమున ప్రయత్నము మానరాదు. భూమి అమ్మకములు, దానములు, వీలునామాలు సబ్ రిజిస్ట్రారు కచేరీలో నమోదై ఉండును. మాన్యములు గల కుటుంబములకు 1860 ప్రాంతమున ఇనాం కమిషనువారు వ్రాయించిన రిజిస్టర్లు మిక్కిలి విలువైనవి. ఇనాము ఎవరిది, ఎవరినుండి సంక్రమించినది అను వివరములు వానిలో కలవు.

అంతకు పూర్వపు సంగతులకు కైఫియత్తులు ఆధారము. కర్నల్ కాలిన్ మెకంజీ కావలి సోదరుల వంటి తెలుగు సహాయకులను ఊరూరికి పంపి, గ్రామ వృత్తాంతములను వ్రాయించినాడు. మెకంజీ 1821లో మరణించినాడు. శిథిలమగుచున్న ఆ వ్రాతప్రతులకు సి.పి. బ్రౌను నకళ్లు తీయించినాడు. గుంటూరు ప్రాంతపు కైఫియత్తులు తరువాత అచ్చయినవి కూడ. ఇక జనాభా లెక్కల కాగితములకై తిరుగుట వృథా. 1948 నాటి చట్టము ప్రకారము అందులోని వ్యక్తుల వివరములు రహస్యములు.

భూమి లేనివారి చరిత్ర

పైన చెప్పిన కాగితములలో ఎక్కువ భాగము భూమి గలవారిని గూర్చినవే. కూలి చేసి బ్రతికినవారు, చేతిపనులవారు వానిలో అరుదుగా కనిపించుదురు. వారి వంశములను నోటనే నిలిపినవారు కలరు. పిచ్చిగుంట్లవారు, అనగా నేటి వంశరాజులు, రైతు కుటుంబముల గోత్రములను, వంశములను గానము చేయుదురు. డక్కలివారు మాదిగల వంశకథలు చెప్పుదురు. పల్నాటివారికి ఇది కొత్త సంగతి కాదు. పండ్రెండవ శతాబ్దపు పల్నాటి యుద్ధములో మడిసిన వీరులను ఏటేట కార్తికమాసాంతమున కారంపూడిలో కొలుచుచున్నారు. వీరవిద్యావంతులు వారి కథ పాడుచున్నారు. రాజుల కథ నిలిచినట్లే కూలివాని తాత పేరు కూడ నిలువవలెను. కాగితము లేనివారి ఇంటికే ముందుగా వెళ్లవలెనని మా మనవి. అచ్చట ఒక వృద్ధుడు కన్నుమూసినచో మరి అడుగుటకు వేరొక ఆధారము లేదు.

సముద్రము దాటినవారు

మన జిల్లాలనుండి ఒప్పంద కూలీలుగా మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ దేశములకు వెళ్లినవారి సంతతి నేడు తాతల ఊళ్లను వెదకుచున్నది. మద్రాసునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న దర్బాను చేరినది. 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు నేటాలుకు ఈ విధముగా వెళ్లినారు. ఆ ఓడల పట్టికలలో కూలి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము వ్రాసినారు. ఇంటిపేరు సాధారణముగా ఉండదు. మారిషస్‌లోని మోకాలో మహాత్మా గాంధీ సంస్థ అట్టి వలస పత్రములను భద్రపరచినది.

దర్బానునుండి ఒకరు జాబు వ్రాసినారనుకొందము. "మా ముత్తాత 1890లో వచ్చినాడు. కృష్ణా జిల్లా, పల్నాడు తాలూకా. ఊరి పేరు సరిగా చదువుటకు రాలేదు" అని అందులో ఉన్నది. నేటి కృష్ణా జిల్లాలో పల్నాడు లేదు కనుక అతడు ఎన్నేండ్లు వెదకినను ఊరు దొరకదు. జిల్లాల మార్పు తెలిసిన పంచాయతీ సభ్యుడు ఒక్క వాక్యముతో ఆ చిక్కు విప్పగలడు. ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినబడినట్లు వ్రాసిన ఊరి పేరును ఇరుగుపొరుగు ఊళ్ల పేర్లు ఎరిగినవారే పోల్చగలరు.

సహాయము అడుగు పద్ధతి

దూరమునుండి తోడ్పడువారిని అడుగునప్పుడు మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆనాటి తాలూకా, జిల్లా, సుమారు సంవత్సరము తెలుపవలెను. ఒకసారి ఒక ప్రశ్నయే అడుగవలెను. కాగితము ఫోటోను ఉన్నదున్నట్లు పంపవలెను. వచ్చిన సమాధానము ఏ కాగితమునుండి వచ్చినదో అడిగి వ్రాసికొనవలెను. ఆధారము చెప్పని వంశవృక్షమును, అది ఎంత పెద్దదైనను, నమ్మరాదు.

జీవించియున్నవారి పుట్టిన తేదీలు, ఆధారు అంకెలు, ఆస్తి వివరములు అంతర్జాలములో పెట్టరాదు. కులము పేరుతోగాని, పాత తగవుల పేరుతోగాని ఎవరినైనను నొప్పించు మాటలు వ్రాయరాదు. పంచాయతీవారు వంశవృక్షముపై సంతకము చేసి వారసత్వమునకు రుజువుగా ఇయ్యరాదు. దానికి వేరుగా చట్టబద్ధమైన పద్ధతి కలదు. అయినను ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. బంధుత్వమును గూర్చి తెలిసిన పెద్దలు, తగవు పుట్టకముందు చెప్పిన లేక వ్రాసిన మాటను వారి మరణానంతరము న్యాయస్థానము పరిశీలింప వీలున్నది. 1872 నాటి సాక్ష్య చట్టములోని ఈ సూత్రము 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమములోను నిలిచియున్నది. తగవు వచ్చిన తరువాత వ్రాసికొన్న వంశవృక్షమునకు ఆ విలువ ఉండదు.

పంచాయతీ చేయదగిన పని

దీనికి ప్రత్యేక నిధులు అవసరము లేదు. ప్రతి వార్డు సభ్యుడు తన వార్డులో డెబ్బది ఏండ్లు దాటినవారి జాబితా వ్రాయవలెను. పాఠశాల పిల్లలను ఇద్దరిద్దరిగా వారి ఇండ్లకు పంపి, తాతలు, అవ్వలు చెప్పినది వారి మాటలలోనే వ్రాయింపవలెను. చెప్పినవారి పేరు, వ్రాసిన తేదీ ప్రతి పుటపై ఉండవలెను. వారు సమ్మతించినచో సెల్‌ఫోనులో మాటను నిలుపవచ్చును. పుస్తకము ఒక ప్రతి పాఠశాలలోను, ఒక ప్రతి గ్రంథాలయములోను ఉంచవలెను. పుస్తకము మొదటి పుటలో ఊరు చేరిన జిల్లాల వరుస వ్రాయుట మరువరాదు.

ఇనాం రిజిస్టరు రేపును ఉండును. ఓడల పట్టిక రేపును ఉండును. ఏటికవతలనుండి పుట్టి ఎక్కి వచ్చిన కోడలి సంగతి మాత్రము ఒక అవ్వ నోటనే ఉన్నది. ఈ వ్యాసము చదివిన సభ్యులు ఈ సాయంకాలమే తమ వార్డులో అందరికంటె పెద్దవారి ఇంటికి వెళ్లి, "మీ అత్తగారిది ఏ ఊరు, అవ్వా?" అని అడుగుదురుగాక. పుస్తకమునకు అదియే మొదటి పంక్తి కాగలదు.