వెనక చక్రం ఊగుతోందా?

తెల్లారకముందే ముక్కాం, చింతపల్లి లాంటి తీరపల్లెల నుంచి చేపల బుట్టలు కట్టుకుని మోపెడ్లు విజయనగరం దారి పడతాయి. గంట్యాడ వైపు నుంచి కూరగాయల మూటలు, పాలక్యాన్లు... బండి కన్నా దాని మీది సరుకే ఎక్కువ కనిపిస్తుంది. అలాంటి బండికి వెనక చక్రం ఊగడం మొదలైతే ఆ పూట బేరం పోయినట్టే. బేరం సంగతి అలా ఉంచండి, పక్కనే లారీ వెళుతున్నప్పుడు బండి అడ్డంగా ఊగితే ప్రాణం మీదికొస్తుంది.

‘ఎనక సెక్రం ఊగిపోతంది బావా, ఓపాలి సూడు’ అంటూ బండిని మెకానిక్కు ముందు ఆపుతారు. చాలాచోట్ల మొదట జరిగేది స్పోకులు బిగించడమే. రెండ్రోజులు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ అదే ఊపు!

సైకిల్‌కి మోటారు తగిలించిన బండే మోపెడ్. మోటారు, పెడల్... ఈ రెండు మాటలు కలిసి ఆ పేరొచ్చింది. మనదేశంలో 1972లో వచ్చిన లూనాకీ, 1980లో వచ్చిన టీవీఎస్ 50కీ పెడళ్లుండేవి. 2015లో వచ్చిన ఎక్స్‌ఎల్ 100 నాటికి అవి పోయాయి కానీ, సన్నటి పదహారంగుళాల చక్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. బరువంతా మోసేది వాటిలో వెనకదే.

అందుకే స్పోక్ కీ అందుకునేముందు చేత్తో చూడాలి. మూట దించి, ఇంజిన్ ఆపి, బండిని డబుల్ స్టాండ్ వేయండి. చక్రం పైభాగాన్ని ఒక చేత్తో, కింది భాగాన్ని మరో చేత్తో పట్టుకుని అటూఇటూ కదపండి. ‘టక్ టక్’మంటూ కదిలిందా? యాక్సిల్ నట్టు వదులై ఉండొచ్చు. అది బిగువుగానే ఉంటే బేరింగు అరిగిందన్నమాట. చక్రంతోపాటు దాన్ని పట్టుకున్న వెనక ఫోర్కూ పక్కకు కదిలితే లోపం అక్కడి బుష్‌లది. ఈ పరీక్ష మొదట ఎందుకంటే, బేరింగు వదులుగా ఉన్నప్పుడు తిన్నని రిమ్ము కూడా వంకరగా తిరుగుతుంది. అప్పుడు బెండు తీస్తే లేని వంకర తెచ్చిపెట్టినట్టే.

కదలిక లేకపోతేనే రిమ్ము సంగతి. ఫోర్కుకి ఆనించి ఒక సుద్దముక్క పట్టుకుని చక్రాన్ని మెల్లగా తిప్పితే, పక్కకు వంగినచోట గీత పడుతుంది. స్పోకుల్ని వేలితో మీటి చూడండి. బిగువైనది ఖంగుమంటుంది, వదులైనది పలకదు. బిగించేటప్పుడు ఒకేదాన్ని పట్టుకుని తిప్పేయకూడదు. ఒక వైపువి పావు చుట్టు బిగించి, అక్కడే రెండో వైపువి కాస్త వదిలి మళ్లీ చూడాలి. ఎక్కువ బిగిస్తే స్పోకు మొన లోపలికి పొడుచుకొచ్చి ట్యూబు పంక్చరవుతుంది.

రిమ్ము తిన్నగా ఉండి టైరొక్కటే ఊగుతుంటే అది సరిగ్గా కూర్చోలేదనుకోవాలి. రిమ్ము అంచు పక్కన టైరు మీద ఉండే సన్నగీత చుట్టూ ఒకేలా కనిపిస్తోందో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఎక్కడైనా ఉబ్బు కనిపిస్తే మాత్రం ఆలోచించొద్దు, మార్చేయాల్సిందే. బ్యాటరీ సైకిళ్లలో వెనక చక్రంలోనే మోటారుంటే యాక్సిల్ నట్ల మీద మరింత కన్నేయాలి.

అన్నీ బాగానే ఉన్నా బరువేస్తేనే ఊగుతోందా? మూట ఎక్కడ కట్టారో చూడండి. బరువు వెనక యాక్సిల్ దాటి వేలాడితే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఊగుతుంది. నడిపేవారికది వెనక చక్రం తప్పులా అనిపిస్తుంది. బుట్టను ముందుకి జరిపి, రెండు పక్కలా సమంగా కడితే పైసా ఖర్చు లేకుండా తగ్గిపోవచ్చు.

బెండు తీయించాక మొదటి నాలుగైదు రోజుల సవారీలో స్పోకులు సర్దుకుంటాయి. అప్పుడొకసారి మళ్లీ మీటి చూసుకోవాలి.