దేశాంతరంలో సెల్‌ఫోన్

దూరదేశంలో ఉన్నవారికి ఇంటి కబురు అందడమెలా అన్నది మన కావ్యాలకు చిరపరిచితమైన సమస్య. కాళిదాసు యక్షుడు మేఘాన్ని దూతగా పంపాడు. నలదమయంతుల నడుమ హంస రాయబారం నడిపింది. లంకలోని సీతకు రాముని క్షేమం తెలియడానికి హనుమంతుడు సముద్రాన్నే లంఘించవలసి వచ్చింది. నేడు తెలుగునాట విదేశంలో తనవారు లేని ఊరు అరుదు. కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి ఎందరో గల్ఫ్ దేశాలకు వెళ్లి శ్రమిస్తున్నారు. అమెరికాలో చదువుకుంటున్న బిడ్డలను చూడడానికి తల్లిదండ్రులు ఏటా ప్రయాణమవుతున్నారు. అందరి జేబులలోనూ సెల్‌ఫోన్ ఉంటుంది. శంషాబాద్‌లో విమానం ఎక్కేవరకు చక్కగా మ్రోగిన ఆ ఫోను పరదేశంలో దిగగానే ఒక్కొక్కసారి మూగబోతుంది. మరొకసారి బాగానే పలుకుతుంది గాని, నెల తిరిగేసరికి గుండె గుభిల్లుమనే బిల్లు తెచ్చిపెడుతుంది. ఈ రెండింటికీ మూలం ఒక్కటే. మన నంబరు మనతో ప్రయాణం చేయదు. అది స్వదేశంలోనే ఉండిపోతుంది. మనతో వచ్చేది దాని ఆనవాలు మాత్రమే. ఈ సంగతి గ్రహిస్తే తక్కినవన్నీ సులభంగా బోధపడతాయి.

మన సంస్థ సేవలు లేని చోట మరొక సంస్థ నెట్‌వర్కును ఆశ్రయించి ఫోను వాడుకోవడాన్ని రోమింగ్ అంటారు. తిరుగాడడం అని ఆ మాటకు అర్థం. ఈ సౌకర్యం మొదట ఐరోపాలో రూపుదిద్దుకోవడం సహజమే. అక్కడ ఉదయం బయలుదేరిన రైలు మధ్యాహ్నానికి రెండు దేశాల సరిహద్దులు దాటగలదు. ఒక్కొక్క దేశం ఒక్కొక్క సాంకేతిక పద్ధతిని పాటిస్తే బాటసారి ఫోను అడుగడుగునా మూగబోవలసిందే. అందుకని 1982లో అక్కడి దేశాలు ఉమ్మడి ప్రమాణం కోసం ఒక బృందాన్ని ఏర్పాటు చేశాయి. 1987లో కోపెన్‌హేగన్‌లో 13 దేశాల సంస్థలు ఒప్పందంపై సంతకాలు చేశాయి. అలా వచ్చినదే జి.ఎస్.ఎం. పద్ధతి. 1991 జూలై 1న ఫిన్లాండులో ఈ పద్ధతిపై తొలి కాల్ నడిచింది. మరుసటి ఏడే ఫిన్లాండు, బ్రిటన్ సంస్థల మధ్య తొలి రోమింగ్ ఒప్పందం కుదిరింది. మన దేశంలో తొలి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి జరిగింది. మాట్లాడినవారు అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్రమంత్రి సుఖ్‌రామ్.

ఇక ఆ ఆనవాలు సంగతి. ఫోనులోని సిమ్ కార్డులో మనం ఎరిగిన పదంకెల నంబరు కాక, 15 అంకెల మరొక సంఖ్య నిక్షిప్తమై ఉంటుంది. దాని మొదటి మూడంకెలు దేశాన్ని సూచిస్తాయి. మన దేశానికి 404, 405 కేటాయించారు. తరువాతి అంకెలు సంస్థను తెలుపుతాయి. దుబాయిలో దిగిన ప్రయాణికుడు ఫోను తెరవగానే అది దగ్గరలోని టవరుకు ఈ సంఖ్యను విన్నవిస్తుంది. 404ను చూడగానే అక్కడి సంస్థ, వచ్చినవాడు భారతదేశపు అతిథి అని గుర్తిస్తుంది. అయితే అడిగినవారినందరినీ అతిథులుగా అంగీకరించడం కుదరదు కదా. "ఇతడు మీవాడేనా?" అని అది మన సంస్థను అడుగుతుంది.

అప్పుడు జరిగే పరీక్ష ముచ్చటైనది. సుందరకాండలో సీత చూడామణిని ఇవ్వడంతోపాటు, తనకూ రామునికీ మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతాన్ని హనుమంతునికి ఆనవాలుగా చెప్పింది. ఇద్దరికే తెలిసిన రహస్యాన్ని మించిన గుర్తు లేదు. సిమ్ కార్డుకూ, దానిని ఇచ్చిన సంస్థకూ నడుమ అటువంటి రహస్య సంఖ్య ఒకటి ఉంటుంది. కాని ఇక్కడ ఆ రహస్యాన్ని దూతకు కూడా చెప్పరు. స్వదేశపు సంస్థ ఒక ప్రశ్ననూ, దానికి రావలసిన జవాబునూ పంపుతుంది. అతిథ్యమిచ్చే సంస్థ ప్రశ్నను మాత్రం ఫోనుకు అందిస్తుంది. సిమ్ తన రహస్య సంఖ్యతో లెక్కకట్టి జవాబు చెబుతుంది. రెండు జవాబులూ కలిస్తే ద్వారం తెరుచుకుంటుంది. "మా చందాదారు ఇప్పుడు ఫలానా సంస్థ నీడన ఉన్నాడు" అని స్వదేశపు పట్టికలో నమోదవుతుంది. ఇదంతా మనం విమానం మెట్లు దిగేలోగా ముగుస్తుంది. ఆ రెండు సంస్థల మధ్య ముందుగా ఒప్పందం లేకపోయినా, మనం స్వదేశంలో రోమింగ్ సేవను కోరి ఉండకపోయినా, ద్వారం తెరుచుకోదు. ఫోను మూగబోవడానికి తరచుగా కారణం ఇదే.

ఇప్పుడు ఇంటినుండి తల్లి తన కుమారుని నంబరుకు ఫోను చేసిందనుకుందాం. ఆ కాల్ నేరుగా దుబాయికి పోదు. ముందు స్వదేశపు సంస్థకు చేరుతుంది. పట్టిక చూసి, అబ్బాయి ఉన్న చోటికి దానిని మళ్లిస్తారు. తల్లికి అబ్బాయి ఎక్కడున్నాడో తెలియవలసిన పని లేదు. కాబట్టి ఆమె స్వదేశపు ధరే చెల్లిస్తుంది. సముద్రం దాటిన మేరకు ఖర్చు అబ్బాయి మీద పడుతుంది. "నేను ఎవరికీ చేయలేదు, వచ్చిన ఫోను తీశానంతే, నాకెందుకు బిల్లు?" అని వాపోయేవారు ఈ విషయాన్ని గమనించాలి. ఇంతకంటె విచిత్రం మరొకటి ఉంది. లండన్‌లో ఒకే గదిలో ఉంటున్న ఇద్దరు తెలుగు విద్యార్థులు స్వదేశపు నంబర్లతోనే ఒకరికొకరు ఫోను చేసుకుంటే, ఆ కాల్ లండన్ నుండి భారతదేశానికి వచ్చి, తిరిగి లండన్‌కు వెళ్లినట్లుగా లెక్క కడతారు. పిలిచినవాడు భారతదేశానికి కాల్ చేసినట్లు, పలికినవాడు రోమింగ్‌లో కాల్ అందుకొన్నట్లు, ఇద్దరూ చెల్లించాలి. గోడకు అటు ఇటు ఉన్నవారు కేక వేసుకుంటే సరిపోయేది!

ఇంటర్నెట్టు కూడా చాలావరకు ఇదే దారిన నడుస్తుంది. విదేశంలో మనం వెతికిన పుట స్వదేశపు సంస్థ ద్వారం గుండా వెళ్లి వస్తుంది. వేగం మందగించడానికి అదొక కారణం. మాట్లాడేటప్పుడు కాలం గడుస్తున్నదన్న స్పృహ మనకు ఉంటుంది గాని, ఇంటర్నెట్టు విషయంలో అది ఉండదు. మనం నిద్రపోతున్నా ఫోను మేలుకొనే ఉంటుంది. ఛాయాచిత్రాలను ఎక్కడికో పంపి దాచుకుంటుంది, యాప్‌లను తనంత తానే నవీకరించుకుంటుంది. నేనెరిగిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు సింగపూరులో వారం రోజులు ఎవరికీ ఫోను చేయకుండా పొదుపు పాటించి, తిరిగి వచ్చాక ఒక నెల పెన్షనంత బిల్లు చూసి నిర్ఘాంతపోయాడు. ఆయన చేయవలసినది అతి స్వల్పం: ఫోను అమరికలలో డేటా రోమింగ్ అన్న మీటను ఆపివేయడం.

ధర ఇంత ఎక్కువగా ఉండడానికి దూరం కారణమని పలువురు భావిస్తారు. అది సగం నిజం కూడా కాదు. ఆతిథ్యమిచ్చిన సంస్థ తన చోట వాడిన ప్రతి నిమిషాన్నీ, ప్రతి సందేశాన్నీ పద్దు రాసి మన సంస్థకు పంపుతుంది. వేర్వేరు నాణాల గొడవ లేకుండా ఈ పద్దులలోని ధరలను అంతర్జాతీయ ద్రవ్యనిధి నిర్ణయించే ఎస్.డి.ఆర్. అనే ప్రమాణంలో చెప్పుకోవడం పరిపాటి. మన సంస్థ ఆ మొత్తానికి తన లాభం చేర్చి మన నుండి వసూలు చేస్తుంది. మనం సంస్థను ఎంచుకునేటప్పుడు స్వదేశపు ధరలు చూస్తామే గాని రోమింగ్ ధరలు చూడము. బేరమాడేవాడు లేని అంగడిలో ధర తగ్గదు. ఐరోపా సమాఖ్య ఈ కిటుకును గ్రహించి 2007లో రోమింగ్ ధరలకు చట్టం ద్వారా గరిష్ఠ పరిమితి విధించింది. 2017 జూన్ 15 నుండి సభ్యదేశాల మధ్య అదనపు రుసుమునే తొలగించింది. ఆ నియమాన్ని 2032 వరకు పొడిగించారు. బ్రిటన్ ఆ సమాఖ్యను వీడిన తర్వాత అక్కడి కొన్ని సంస్థలు పాత రుసుమును తిరిగి ప్రవేశపెట్టడం గమనార్హం. తీగలు మారలేదు, టవర్లు మారలేదు, చట్టం మాత్రమే మారింది.

అటువంటి చట్టరక్షణ మన ప్రయాణికునికి లేదు కాబట్టి అతడు తన ప్రయాణాన్ని బట్టి మార్గం ఎంచుకోవాలి. నాలుగైదు రోజుల యాత్రకు స్వదేశపు సంస్థలు అమ్మే రోమింగ్ ప్యాక్ తీసుకోవడం సుఖం. అది ఏ దేశానికి, ఎన్ని రోజులకు, వచ్చే కాల్స్ అందులో చేరతాయా లేదా అన్న మూడు విషయాలు ముందే చదువుకోవాలి. నెలల తరబడి ఉండేవారికి ఆ దేశపు సిమ్ కొనుక్కోవడమే మేలు. దానికి పాస్‌పోర్టు చూపవలసి రావచ్చు. కార్డుతో పని లేని ఈ-సిమ్ వచ్చాక ఇంటి నుండి కదలకముందే విదేశపు డేటా సేవను ఫోనులోకి దించుకోవడం కూడా సాధ్యమైంది. అయితే చేతిలోని ఫోను దానికి అనువైనదై ఉండాలి. వై-ఫై దొరికిన చోట వాట్సాప్ వంటివాటితో మాట్లాడుకోవచ్చు గాని, సంయుక్త అరబ్ ఎమిరేట్స్ ఇంటర్నెట్టు కాల్స్‌పై ఏళ్ల తరబడి ఆంక్షలు పాటిస్తూ వచ్చింది. గల్ఫ్‌కు వెళ్లేవారు ఏ యాప్‌కు అనుమతి ఉన్నదో ముందే తెలుసుకోవాలి. తమ పేరిట తీసుకున్న సిమ్‌ను స్నేహధర్మమని ఇతరులకు ఇవ్వకూడదు. దానితో జరిగిన అపరాధానికి మొదట జవాబు చెప్పవలసినవారు తామే అవుతారు.

విదేశపు సిమ్ దొరికిందని స్వదేశపు సిమ్‌ను మూలన పడవేయడం మాత్రం ప్రమాదకరం. మన బ్యాంకు పంపే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. కొంతకాలం రీఛార్జి చేయకపోతే సంస్థ ఆ నంబరును రద్దు చేస్తుంది. రద్దయిన 90 రోజుల తర్వాత దానిని మరొకరికి కేటాయించవచ్చు. కువైట్‌లో ఇంటిపనికి కుదిరిన స్త్రీ తన కష్టార్జితాన్ని స్వగ్రామపు బ్యాంకు ఖాతాలో దాచుకుంటుంది. ఆమె నంబరు అపరిచితుని చేతికి పోతే, ఆ ఖాతా తాళపుచెవి సగం పోయినట్లే. అందువల్ల స్వదేశపు సిమ్‌ను చిన్న రీఛార్జితో సజీవంగా ఉంచుకోవాలి. రెండు సిమ్‌లు పట్టే ఫోను ఇందుకు ఎంతో ఉపకరిస్తుంది. ఆ సిమ్‌కు డేటా ఆపివేసి, సందేశాలు మాత్రం అందేటట్లు చూసుకుంటే చాలు. సందేశం అందుకోవడానికి సాధారణంగా రుసుము ఉండదు.

ఫోను పరికరాన్ని గురించి కూడా ఒక మాట. ఒకప్పుడు అమెరికా వాడే తరంగాలు వేరు, మనవి వేరు కావడంతో ఇక్కడి ఫోన్లు కొన్ని అక్కడ పనిచేసేవి కావు. జపాను జి.ఎస్.ఎం. పద్ధతినే స్వీకరించలేదు. ఆ చిక్కు చాలావరకు తీరింది గాని కొత్తది వచ్చింది. అమెరికాలోని పెద్ద సంస్థలు 2022లో 3జి సేవలను మూసివేశాయి. సింగపూరు 2017లోనే 2జికి స్వస్తి పలికింది. 4జి ద్వారా మాట్లాడే వసతి లేని పాత ఫోను అటువంటి చోట్ల కాల్ చేయలేదు. బామ్మగారి బొత్తాల ఫోనును వెంట తీసుకుపోయేవారు ఇది విచారించుకోవాలి.

సరిహద్దుల దగ్గర ఫోను మనల్ని అడగకుండానే ఆతిథ్యం మార్చుకుంటుంది. అమెరికాలోని బిడ్డల వద్దకు వెళ్లిన తల్లిదండ్రులు నయాగరా జలపాతం చూడకుండా తిరిగి రారు. అక్కడ అమెరికా ఒడ్డున నిలుచున్నా ఫోను ఆవలి ఒడ్డున ఉన్న కెనడా టవరును పట్టుకోవచ్చు. అంతదూరం పోనక్కరలేదు, ధనుష్కోటిలో నిలబడితే శ్రీలంక నెట్‌వర్కు పలకరించే సందర్భాలున్నాయి. ఇటువంటి చోట్ల నెట్‌వర్కును స్వయంగా ఎంచుకునే అమరికను వాడాలి. నడిసముద్రంలో ఓడలపైన, ఆకాశంలో విమానాలలో ఉపగ్రహం ద్వారా లభించే సేవ అన్నిటికంటె ఖరీదైనది. రోమింగ్ ప్యాక్‌లు చాలావరకు దానికి వర్తించవు.

చివరగా బయలుదేరే ముందు చేయవలసిన చిన్న పని ఒకటుంది. ఫోనులో దాచుకున్న నంబర్లన్నిటి ముందు కూడిక గుర్తు, 91 చేర్చి భద్రపరచుకోవాలి. సున్నాతో మొదలయ్యే నంబరు పరదేశంలో పనిచేయదు. వాటిలో ముఖ్యమైనవి నాలుగు, వెళ్లే దేశపు అత్యవసర నంబరుతో సహా, కాగితం మీద రాసి పాస్‌పోర్టులో ఉంచుకోవాలి. ఐరోపా సమాఖ్య దేశాలలోనూ మన దేశంలోనూ ఆ నంబరు 112, అమెరికాలో 911. ఫోను పోయినా, బ్యాటరీ ఆరిపోయినా కాగితం చేతిలో ఉంటుంది.