తిండి హక్కంటే తెల్లబియ్యమేనా?

రాగులు, కొర్రలు, సజ్జలను సర్కారు కాగితాల్లో చాలాకాలం 'ముతక ధాన్యాలు' అనే రాశారు. 2018లో కేంద్రం వాటిని 'పోషక ధాన్యాలు'గా గుర్తించింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. పేరు మారింది, నగరాల్లో ధర పెరిగింది. వాటిని పండించి, తిని బతికిన కూలీల ఇళ్లలో మాత్రం ఇప్పుడు ఉడుకుతున్నది రేషన్ బియ్యం.

ఏ గింజలోనైనా మూడు భాగాలుంటాయి: పైన తవుడు, ఒక కొసన మొలక, మధ్యలో పిండి. పీచు, ఇనుము, బి విటమిన్లు ఎక్కువగా మొదటి రెండింటిలోనే ఉంటాయి. పాలిష్ పట్టేది వాటినే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం, 4.6 మిల్లీగ్రాముల ఇనుము, 11 గ్రాముల పీచు ఉంటాయి. పాలిష్ బియ్యంలో కాల్షియం 7.5 మిల్లీగ్రాములు, ఇనుము 0.65 మిల్లీగ్రాములు, పీచు 3 గ్రాముల లోపే. రోజుకు 25 నుంచి 29 గ్రాముల పీచు తినేవాళ్లలో గుండెజబ్బు, మధుమేహం ముప్పు తక్కువని 2019లో లాన్సెట్‌లో వచ్చిన విస్తృత సమీక్ష తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

బత్తలపల్లె చుట్టూ ఎర్రనేలలు. అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే. తక్కువ తడితో పండే కొర్ర, సజ్జ, జొన్న చేలను దశాబ్దాల క్రమంలో వేరుశనగ ఆక్రమించింది. అది అమ్ముకునే పంట. వాన తప్పితే డబ్బూ లేదు, తిండీ లేదు. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం ఆకలి నుంచి కాపాడింది, కాదనం. కానీ అదే కంచాన్ని తెల్లగా మార్చింది.

మరో చిక్కు మిల్లు. రాగిగింజకు తవుడు గట్టిగా అంటుకుని ఉంటుంది, అందుకే పిండి పట్టిస్తే అదీ సంగట్లోకి వస్తుంది. కొర్ర, సామ, ఆరికలకు మాత్రం ముందు పొట్టు తీయాలి. ఒకప్పుడు ఆడవాళ్లు రోట్లో దంచేవారు, ఆ చాకిరీకి కూలి లేదు. యంత్రంలో పొట్టుతో పాటు తవుడూ పోయేదాకా పడితే కొర్రబియ్యం కూడా తెల్లబియ్యం దారే పడుతుంది. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి పాలిష్ చేయని గింజ త్వరగా ముక్కిపోతుంది. అంగళ్లకు పాలిష్ సరుకే అనుకూలం. పొట్టుతో నిల్వచేసి, కావలసినప్పుడు ఆడించుకోవాలంటే ఊళ్లోనే మిల్లు ఉండాలి.

తవుడులోని ఫైటిక్ ఆమ్లం ఇనుమును ఒంటికి పట్టనివ్వదన్న మాట నిజమే. నానబెట్టడం, మొలకెత్తించడం, అంబలి పులియబెట్టడం దాన్ని తగ్గిస్తాయి. మన అవ్వలకు తెలిసిన పనే ఇది.

దారి లేకపోలేదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు బీడుభూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వచేసి, పేదలకు చౌకగా పంచారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

2013 ఆహార భద్రతా చట్టం మొదటి షెడ్యూల్‌లోనే బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి. కాబట్టి మనం అడిగేది దయ కాదు. రేషన్‌లో ఏటా తప్పకుండా రాగులు, కొర్రలు ఇవ్వాలి. వాటిని మెట్టభూముల దళిత రైతుల దగ్గరే మద్దతు ధరకు కొనాలి. మహిళా సంఘాల చేతుల్లో ఊరికో చిన్న మిల్లు పెట్టాలి. ముడిగింజ తినమని పేదలకు సలహా చెప్పేవాళ్లు ముందు ఈ మూడింటి గురించి మాట్లాడాలి.