అద్దె ఇల్లు – గోడకు స్పీకర్లు

చాలా ఇళ్లలో ఇప్పుడు టీవీ ఉంది. కానీ కొన్ని టీవీల గొంతు సన్నగా ఉంటుంది. వంటింట్లో పొయ్యి దగ్గరున్న మనిషికి వార్తలు వినపడవు. అందుకని కొందరు స్పీకర్లు కొంటున్నారు. రొక్కం ఉన్నవాళ్లు రొక్కం ఇస్తారు. లేనివాళ్లు నెలనెలా వాయిదా కడతారు.

స్పీకర్లు ఇంటికి వచ్చాక ఇంకో చిక్కు వస్తుంది. ఒకటి రెండు గదుల వాటాలో వాటిని ఎక్కడ పెట్టాలి? కింద పెడితే పిల్లలు లాగుతారు. ఇల్లు కడిగితే నీళ్లు తగులుతాయి. బీరువా మీద పెడితే మోతకు కదిలి కదిలి అంచుకు వస్తాయి. గోడకు బిగిస్తే చోటు కలిసొస్తుంది. పిల్లల చేతికి అందవు.

కానీ గోడ ఎవరిది? ఇంటి యజమానిది. స్పీకరు ఎవరిది? అద్దెకున్నవాళ్లది. గోడ పెచ్చులూడితే ఖర్చు ఎవరిది? స్పీకరు ఊడి పసిపిల్ల మీద పడితే ఆ కష్టం ఎవరిది? గోడకు చిల్లి పెట్టకముందే ఈ సంగతులు తెలుసుకోవాలి.

ముందు అడగాలి

అద్దెకు దిగేటప్పుడు అడ్వాన్సు ఇస్తారు. అది కష్టపడి కూడబెట్టిన సొమ్ము. కొందరు చీటీ పాడి కడతారు. కొందరు నగ తాకట్టు పెట్టి కడతారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు యజమాని గోడలన్నీ చూస్తారు. చెప్పకుండా పెట్టిన చిల్లులు కనపడతాయి. "గోడంతా రంగు వేయించాలి" అంటారు. ఆ ఖర్చు అడ్వాన్సులో కోస్తారు. నాలుగు చిల్లులకు గోడంత ఖర్చు అవుతుంది.

అందుకే ముందు అడగడం మంచిది. ఒక అద్దె ఇంటి ఇల్లాలు ఇలా అడిగింది:

"పిన్నిగారూ, ముందు గదిలో గోడకు రెండు స్పీకర్లు బిగించుకుందామని ఉంది. మీతో ఒక మాట చెప్పి చేద్దామని వచ్చాను."

"మొన్ననే కదమ్మా రంగులు వేయించాను. గోడ పాడైపోదూ?"

"ఒక్కో స్పీకరుకు రెండు చిల్లులండి. మొత్తం నాలుగు. ఖాళీ చేసేటప్పుడు పూడ్పించి, రంగు వేయించి ఇస్తాం."

"రంగు తేడాగా కనపడితే?"

"మీరు వేయించిన రంగు పేరు, నంబరు చెప్పండి. అదే తెప్పిస్తాం."

"సరేలే అమ్మా. వంటింటి వైపు గోడ మాత్రం ముట్టుకోకండి. అందులోంచి నీళ్ల పైపు పోతుంది."

అడిగినందుకు రెండు లాభాలు కలిగాయి. అనుమతి దొరికింది. గోడలో పైపు ఉన్న సంగతీ తెలిసింది. అడగకుండా ఆ గోడకే చిల్లి పెట్టి ఉంటే పైపు పగిలేది.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఆస్తి బదిలీ చట్టం అని ఒకటి ఉంది. అది 1882లో వచ్చింది. ఇప్పటికీ అమలులో ఉంది. దానిలో 108వ సెక్షను అద్దెకు ఇచ్చేవాళ్ల గురించి, ఉండేవాళ్ల గురించి చెబుతుంది. అందులో ఈ విషయానికి పనికొచ్చేవి మూడు ఉన్నాయి.

ఒకటి. ఇల్లు ఎలా తీసుకున్నారో అలాగే తిరిగి ఇవ్వాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. గోడ రంగు వెలిసిపోవడం అలాంటిదే. స్క్రూ చిల్లి అలాంటిదా, కాదా? అక్కడే గొడవ వస్తుంది.

రెండు. అద్దెకున్నవాళ్లు తాము బిగించుకున్న వస్తువును తీసుకుపోవచ్చు. కానీ ఇల్లు తమ చేతిలో ఉండగానే తీసుకోవాలి. తాళం ఇచ్చేశాక కుదరదు. తీసిన చోటును మళ్లీ ముందున్నట్టు చేయాలి.

మూడు. యజమాని ఒప్పుకోకుండా శాశ్వతమైన కట్టడం ఏదీ కట్టకూడదు.

అద్దె కాగితంలో వేరేగా రాసుకుని ఉంటే ముందు ఆ కాగితాన్నే చూస్తారు. రాష్ట్రాలకు వేరే అద్దె చట్టాలు కూడా ఉన్నాయి. చాలా అద్దె కాగితాలు 11 నెలలకు రాస్తారు. గడువు తీరాక మళ్లీ రాస్తారు. రాసిన ప్రతిసారీ చదవాలి. "గోడలకు మేకులు కొట్టరాదు" అనే మాట ఉందేమో చూడాలి. కాగితం ఇంట్లో మగవాళ్ల పేరున ఉండొచ్చు. అయినా దాన్ని చదివే హక్కు ఇంటి ఆడవాళ్లకూ ఉంది.

రాసుకుంటే మేలు

నోటి మాట నీటి మూట అంటారు. ఈ రోజు సరేనన్నవాళ్లు రెండేళ్లకు మరచిపోవచ్చు. ఇల్లు చేతులు మారొచ్చు. అందుకని చిన్న కాగితం రాసుకోవాలి. ఇలా రాస్తే చాలు:

తేదీ: ............
యజమాని పేరు: ............
అద్దెకున్నవారి పేరు: ............

ముందు గదిలో తూర్పు గోడకు రెండు స్పీకర్లు బిగించుకోవడానికి యజమాని ఒప్పుకున్నారు. చిల్లులు మొత్తం 4. ఖాళీ చేసేటప్పుడు అద్దెకున్నవారు స్పీకర్లు తీసుకుపోవచ్చు. చిల్లులు పూడ్చి, ఆ చోట రంగు వేసి ఇవ్వాలి. అలా ఇస్తే ఈ చిల్లుల కోసం అడ్వాన్సులో కోత ఉండదు.

యజమాని సంతకం: ............
అద్దెకున్నవారి సంతకం: ............

ఇలాంటివి రెండు కాగితాలు రాయాలి. చెరొకటి ఉంచుకోవాలి. ఖాళీలు నింపకుండా సంతకం పెట్టకూడదు. పని మొదలు పెట్టకముందు గోడను ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవాలి.

గోడ ఎలాంటిది?

అన్ని గోడలూ ఒకటి కావు. వేలి కణుపుతో గోడను తట్టి చూడాలి. గట్టిగా "టక్ టక్" అంటే మంచిది. "డొల్ల డొల్ల"గా మోగితే లోపల సిమెంటు పూత గోడను వదిలేసిందన్నమాట. అక్కడ చిల్లి పెడితే పెచ్చు ఊడుతుంది. చెమ్మ ఎక్కిన చోట కూడా పట్టు ఉండదు.

ఇటుక గోడకు చిల్లి పెడితే ఎర్రటి పొడి రాలుతుంది. ఇది బరువును బాగా పడుతుంది. ఇటుకల మధ్య సందులో కంటే ఇటుకలోనే పట్టు ఎక్కువ.

మట్టి గోడకు స్పీకరు బిగించకూడదు. మట్టి రాలిపోయి స్క్రూ వదులవుతుంది.

కొత్త ఇళ్లలో కొన్నిచోట్ల తేలిక ఇటుకలు వాడుతున్నారు. వాటి నుంచి బూడిద రంగు మెత్తటి పొడి వస్తుంది. వాటికి మామూలు ప్లగ్గు పనికిరాదు. వేరే రకం కావాలి. కొట్లో అడిగి తెచ్చుకోవాలి.

స్తంభాలకు, దూలాలకు చిల్లులు పెట్టకూడదు. వాటిలో ఇనప చువ్వలు ఉంటాయి. ఇంటి బరువంతా వాటి మీదే ఉంటుంది.

గోడ మందం కూడా తెలియాలి. బయటి గోడ తరచుగా 9 అంగుళాలు ఉంటుంది. వాటాల మధ్య గోడ నాలుగున్నర అంగుళాలే ఉండొచ్చు. సన్న గోడకు లోతుగా చిల్లి పెడితే పక్కింటివైపు పెచ్చు ఊడుతుంది.

గోడలో కరెంటు ఉంటుంది

ఇది అన్నిటికంటే ముఖ్యం. చాలా ఇళ్లలో కరెంటు తీగలు గోడ లోపల పైపుల్లో ఉంటాయి. పైకి కనపడవు. ఇంటి కరెంటు 230 వోల్టులు. మిషను ములికి తీగకు తగిలితే ప్రాణం పోవచ్చు.

తీగలు ఎక్కడున్నాయో కొంత పోల్చుకోవచ్చు. స్విచ్చి బోర్డు నుంచి అవి నిటారుగా పైకి పోతాయి. లేదా కిందికి, పక్కకు పోతాయి. కాబట్టి బోర్డుకు సరిగ్గా పైన, కింద, పక్కన చిల్లి పెట్టకూడదు. లైటుకు, ఫ్యానుకు తీగ పోయే దారిలోనూ వద్దు. స్నానాల గదిని ఆనుకున్న గోడలో నీళ్ల పైపులు ఉంటాయి. అనుమానం ఉంటే ఎలక్ట్రీషియనును పిలవాలి. అతని కూలికి వెనకాడకూడదు.

మిషను పట్టే మనిషి చేతులు తడిగా ఉండకూడదు. కాళ్లకు చెప్పులు ఉండాలి. కళ్లలో దుమ్ము పడకుండా కళ్లద్దాలు ఉండాలి. పిల్లల్ని వేరే గదిలో ఉంచాలి.

బరువు ఎలా లాగుతుంది?

నీళ్ల బిందెను చంకన పెట్టుకుంటే ఎంతదూరమైనా మోస్తారు. అదే బిందెను చెయ్యి బారుగా చాపి పట్టుకోమంటే? నిమిషంలో చెయ్యి పీకుతుంది. బిందె బరువు పెరగలేదు. ఒంటికి దూరం పెరిగింది.

స్పీకరు కూడా అంతే. అది గోడకు ఆనుకుని ఉంటే లాగుడు తక్కువ. ఇనప స్టాండు మీద జానెడు ముందుకు ఉంటే పైనున్న స్క్రూను బయటికి లాగుతుంది. పైగా స్పీకరు మోగేటప్పుడు అదురుతుంది. ఆ అదురుకు రోజూ కొంచెం కొంచెం స్క్రూ వదులవుతుంది.

కాబట్టి ముందు స్పీకరు బరువు తూచాలి. స్టాండు ఎన్ని కిలోలు మోస్తుందో దాని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. చదివి కొనాలి. స్టాండు మోసే బరువు స్పీకరు బరువు కంటే బాగా ఎక్కువ ఉండాలి.

బిగించే పని

గోడకు వట్టి మేకు కొడితే చాలదు. ఇటుక పైన సిమెంటు పూత అర అంగుళం దాకా ఉంటుంది. పొట్టి మేకు ఆ పూతలోనే ఆగుతుంది. ఇటుకను పట్టుకోదు. సుత్తి దెబ్బకు పూత కూడా చిట్లుతుంది.

చిల్లిలో ముందు ఒక ప్లాస్టిక్ ముక్క దూర్చాలి. ఇనప సామాన్ల కొట్లో దీన్ని ప్లగ్గు అంటారు. కరెంటు ప్లగ్గు వేరు, ఇది వేరు. స్క్రూ తిప్పుతుంటే ఇది లోపల ఉబ్బుతుంది. చిల్లి గోడలను బిగించి పడుతుంది.

పని ఇలా చేయాలి:

1. స్టాండును గోడకు ఆనించి, చిల్లుల చోట పెన్సిలుతో గుర్తు పెట్టాలి. వంకర లేకుండా రసమట్టంతో చూడాలి.
2. ప్లగ్గు 8 మిల్లీమీటర్లదైతే మిషను ములికి కూడా 8 మిల్లీమీటర్లదే కావాలి. చిల్లి పెద్దదైతే ప్లగ్గు నిలవదు.
3. చిల్లి ప్లగ్గు కంటే కొంచెం లోతుగా ఉండాలి. సుమారు రెండు అంగుళాలు చాలు.
4. చిల్లిలో పొడిని ఊది, శుభ్రం చేయాలి. తర్వాత ప్లగ్గు దూర్చి, స్టాండు పెట్టి, స్క్రూ బిగించాలి.
5. వెంటనే స్పీకరు పెట్టకూడదు. స్పీకరు 3 కిలోలైతే 6 కిలోల బియ్యం సంచిని ఒక పూట వేలాడదీయాలి. కదలకపోతే స్పీకరు పెట్టాలి.

పిల్ల ఉయ్యాల పైన, మంచం తలవైపు, వాకిలి పైన స్పీకరు వద్దు. తీగలు వేలాడకుండా గోడ వెంట అంటించాలి. నెలకోసారి స్టాండును చేత్తో కదిపి చూడాలి. వదులైతే తీసి మళ్లీ బిగించాలి.

ఇరుగు పొరుగు

వాటాల మధ్య గోడ ఉమ్మడిది. దానికి స్పీకరు బిగిస్తే అదురు గోడలోంచి పక్కింటికి పోతుంది. అక్కడ పరీక్షలకు చదివే పిల్ల ఉండొచ్చు. రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషి ఉండొచ్చు. వీలైతే వేరే గోడ చూసుకోవాలి. స్టాండుకు, స్పీకరుకు మధ్య రబ్బరు ముక్క పెడితే అదురు తగ్గుతుంది. గది మూలకు పెడితే మోత ఎక్కువవుతుంది.

శబ్దం గురించి మన దేశంలో 2000లో నియమాలు వచ్చాయి. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. శబ్దాన్ని కొలిచే కొలతే డెసిబెల్. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు.

యజమాని ఒప్పుకోకపోతే

గోడకు పాత కొక్కెం ఉందేమో చూడాలి. అది గట్టిదైతే తేలిక స్పీకరు తగిలించవచ్చు. గోడలో గూడు ఉంటే అందులో పెట్టొచ్చు. పొడవాటి నిలువు స్టాండు కొనుక్కోవచ్చు. దానికి గోడతో పని లేదు. ఇల్లు మారితే వెంట వస్తుంది. జిగురు పట్టీలతో మాత్రం అంటించకూడదు. వేసవి వేడికి జిగురు వదిలి స్పీకరు పడుతుంది. పట్టీ పీకితే రంగు కూడా ఊడుతుంది.

ఖాళీ చేసేటప్పుడు

తాళం ఇవ్వకముందే స్పీకర్లు, స్టాండ్లు తీసుకోవాలి. ప్లగ్గులు పీకాలి. చిల్లుల్లో పుట్టీ నింపాలి. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, ఆ రంగే వేయాలి. యజమానిని పిలిచి చూపించాలి. రాసుకున్న కాగితం దగ్గర పెట్టుకుని అడ్వాన్సు లెక్క చూసుకోవాలి. ఏమైనా కోసుకుంటే, దేనికి ఎంత కోశారో రాసి ఇమ్మని అడగాలి. అలా అడగడం తప్పు కాదు. అది అద్దెకున్నవాళ్ల కష్టార్జితం.

మాట్లాడుకోండి

1. మీ అద్దె కాగితంలో గోడల గురించి ఏమని రాసి ఉంది? తెచ్చి చదవండి.
2. స్విచ్చి బోర్డుకు పైన చిల్లి ఎందుకు పెట్టకూడదు?
3. మీ ఇంటి గోడ ఎలాంటిది? తట్టి చూసి చెప్పండి.
4. పైన ఇచ్చిన కాగితాన్ని మీ ఇంటికి తగ్గట్టు మార్చి రాయండి.