మేకు అక్కర్లేని అతుకు

ఖరగ్‌పూర్ వర్క్‌షాపు అనగానే ఇనుమూ బాయిలర్లూ గుర్తొస్తాయి. కానీ బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ప్రయాణికుల పెట్టెలు చాలావరకు కొయ్యవే. కింద ఇనప చట్రం, దానిమీద టేకు దూలాలు, పలకలు. సిక్కోలు, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లు ఎందరో స్థిరపడ్డ ఈ రైల్వే ఊళ్లో ఉలికీ, చిత్రికకీ చేతినిండా పని.

చిక్కంతా కొయ్య స్వభావంలోనే ఉంది. నరికి ఎన్నేళ్లయినా అది కదులుతూనే ఉంటుంది. శ్రావణంలో తేమ పీల్చి ఉబ్బుతుంది, వైశాఖంలో ముడుచుకుంటుంది. ఈ కదలికంతా నారకు అడ్డంగానే. పొడవున లెక్కలోకి రాదు. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి వలయాల వెంట 5 శాతానికి పైగా తగ్గుతుంది. అంటే అడుగు వెడల్పు పలకకు అర అంగుళం పైమాటే! దాన్ని నాలుగు పక్కలా మేకులతో బిగిస్తే ఏదో ఒక ఎండాకాలం చీలి తీరుతుంది. రైలు కుదుపులకు మేకులు వదులు కావడం అదనం.

ఈ తగువును చైనా వడ్రంగులు ఎంతో ముందే తీర్చుకున్నారు. అక్కడి హెముడు తవ్వకాల్లో సుమారు 7,000 ఏళ్లనాటి కొయ్యలు బయటపడ్డాయి. ఒకదాని చివరను నాలుకలా చెక్కి, రెండోదాంట్లో తొలిచిన బెజ్జంలోకి దించారు. అదీ రాతి, ఎముక పనిముట్లతో.

పనితనం చూడాలంటే మింగ్ కాలపు బల్ల కిందికి వంగాలి. చుట్టూ నాలుగు కొయ్యల చట్రం, మూలల్లో 45 డిగ్రీల ఏటవాలు కోత. నడిమి పలక అంచు ఆ చట్రం లోపలి గాడిలో కూర్చుంటుంది. వానాకాలం ఉబ్బినా ఇబ్బంది లేదు, గాడిలో దానికి చోటుంది. పలక వంగిపోకుండా అడుగున ఒక అడ్డబద్ద. పాత పానెల్ తలుపుల్లోనూ ఇదే కిటుకు. అలాగని అది చైనా నుంచి అరువు తెచ్చుకున్నది కాదు. యూరప్ వడ్రంగులూ తమ దారిన ఈ కిటుకుకే చేరారు.

చైనావాళ్లు కొయ్యపనిని పుస్తకానికీ ఎక్కించారు. 1103లో అచ్చయిన లీ జియే నిర్మాణ గ్రంథం కొయ్య కొలతలను 8 తరగతులు చేసింది. తరగతి ఎంచుకుంటే మిగతా భాగాల లెక్క దాన్నుంచే వస్తుంది. అంతకుముందే, 1056లో కట్టిన యింగ్‌షియన్ కొయ్యగోపురం 67 మీటర్ల ఎత్తున ఇప్పటికీ నిలిచే ఉంది.

ఈ విద్య ఖరగ్‌పూర్‌కు మరీ దూరంలోనూ లేదు. కాంటన్ ప్రాంతపు వడ్రంగులు 19వ శతాబ్దంలోనే కలకత్తా చేరి, ఓడల పనిలో, ఫర్నిచర్ పనిలో పేరు తెచ్చుకున్నారు. చైనా చిత్రికకు అడ్డంగా పిడి ఉంటుంది. రెండు చేతులా పట్టి ముందుకు తోస్తారు. జపాన్‌లోనైతే వెనక్కి లాగుతారు. 1962 భారత్-చైనా యుద్ధం తర్వాత కలకత్తా చైనీయుల్లో చాలామంది దేశం విడిచారు. అప్పటికే రైల్వేలోనూ గాలి మారింది. 1955లో పెరంబూరు కర్మాగారం మొదలయ్యాక కొత్త పెట్టెలకు వెల్డింగ్ ఉక్కు ఒడలు వచ్చాయి, కొయ్య లోపలి పనులకే మిగిలింది.