జాగ్వార్ ఎక్స్‌జె220: కొనుగోలుదారులే వద్దన్న కారు

సాధారణ రహదారిపై తిరిగే అనుమతి ఉంటూనే, వేగంలోనూ నిర్మాణంలోనూ పందెపు కారుకు దగ్గరగా ఉండే వాహనాన్ని సూపర్‌కార్ అంటారు. చాలా సూపర్‌కార్లలో ఇంజను డ్రైవరు వీపు వెనక, వెనక చక్రాల ఇరుసుకు ముందు ఉంటుంది. అన్నిటికన్నా బరువైన భాగం ఇలా నడిమికి చేరడం వల్ల కారు మలుపుల్లో చురుగ్గా తిరుగుతుంది. 1980, 90 దశకాల్లో ఇటువంటి కార్లలో పలు నమూనాలు కొన్ని వందలకు మించకుండా తయారయ్యాయి. వాటిని అభిమానించేవారి చర్చల్లో ఎన్ని తయారయ్యాయన్న ప్రశ్న తరచు వినిపించినా, అంతకన్నా లోతైన ప్రశ్న మరొకటి ఉంది: అన్నే ఎందుకు తయారయ్యాయి?

ఈ ప్రశ్నకు అన్ని కార్ల విషయంలో ఒకే జవాబు లేదు. కొన్ని కార్లు పందెపు నిబంధనల వల్ల పుట్టాయి. ఒక కారు ఫలానా తరగతి పోటీలో పాల్గొనాలంటే దాన్ని కనీసం ఇన్ని ప్రతులు తయారుచేసి అమ్మకానికి పెట్టాలన్న నియమాన్ని హోమోలొగేషన్ అంటారు. 1980ల నాటి గ్రూప్ బి తరగతికి ఆ కనీస సంఖ్య 200 కాగా, ఆ తరగతిని దృష్టిలో పెట్టుకొని ఫెరారీ రూపొందించిన 288 జీటీఓ 272 కార్ల వద్ద ఆగింది. మరికొన్ని కార్లు అంతకన్నా ఎక్కువ సంఖ్యలో అమ్ముడవుతాయన్న ఆశతో మొదలై, మార్కెట్టు కుప్పకూలడం వల్ల అరుదైనవిగా మిగిలాయి. ఈ రెండో కోవకు చెందిన కార్ల మీదనే అభిమానుల అభిప్రాయాలు కాలంతోపాటు ఎక్కువగా మారాయి, వాటిలో జాగ్వార్ ఎక్స్‌జె220 కథ అన్నిటికన్నా విలక్షణమైనది.

ఇప్పుడు టాటా గ్రూపు చేతిలో ఉన్న జాగ్వార్ అప్పటికి స్వతంత్ర బ్రిటిష్ సంస్థ. అక్కడ ఇంజనీరింగ్ విభాగానికి అధిపతిగా ఉన్న జిమ్ ర్యాండిల్ ఈ కారు ఆలోచనకు మూలపురుషుడు. ఆయనతో కలిసి కొందరు ఉద్యోగులు జీతం ఆశించకుండా తమ తీరిక సమయంలో పనిచేసినందున ఆ బృందానికి ‘శనివారం క్లబ్బు’ అన్న పేరు స్థిరపడింది. కీత్ హెల్ఫెట్ రూపకల్పన చేసిన ఆ నమూనాను 1988 అక్టోబరులో బర్మింగ్‌హామ్ మోటారు ప్రదర్శనలో ఆవిష్కరించారు. అంతకు కొద్ది నెలల ముందే జాగ్వార్ వి-12 ఇంజనుతో, అంటే ఆరేసి సిలిండర్లు రెండు వరసలుగా ‘వి’ ఆకారంలో అమరిన ఇంజనుతో, ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెం గెలిచి ఉండటం వల్ల, ప్రదర్శనలోని కారులోనూ అదే తరహా ఇంజను ఉండటం, శక్తి నాలుగు చక్రాలకూ అందడం చూపరులను కట్టిపడేశాయి. పేరులోని 220 అంకె గంటకు 220 మైళ్ల, అంటే సుమారు 354 కిలోమీటర్ల వేగ లక్ష్యాన్ని సూచిస్తుంది.

అది ధనవంతుల జూదం ఉచ్చస్థితిలో ఉన్న కాలం. 1988 ఆగస్టులో సంస్థాపకుడు ఎంజో ఫెరారీ మరణించిన తరువాత ఫెరారీల ధరలు విపరీతంగా పెరగడం, 1987లో వచ్చిన ఫెరారీ ఎఫ్40 అసలు ధరకు ఎన్నో రెట్లు పలకడం చూసినవారు, కారును నడపడానికి కాక చేతులు మార్చి లాభపడటానికే క్యూ కట్టారు. జాగ్వార్, టామ్ వాకిన్‌షా నడిపిన రేసింగ్ సంస్థ టీడబ్ల్యుఆర్ కలిసి ఈ కారును 1989 చివర అమ్మకానికి ప్రకటించి, 50,000 పౌండ్ల బయానా కోరినప్పుడు, గరిష్ఠంగా 350 కార్లే చేస్తామన్న హామీ ఆ వేలంవెర్రిని మరింత పెంచింది.

కారు వచ్చేసరికి కాలం మారిపోయింది. 1990ల తొలి ఏళ్ల ఆర్థికమాంద్యంలో పాత కార్ల ధరలు పడిపోయాయి. ద్రవ్యోల్బణంతో ముడిపెట్టిన ఒప్పందం కారణంగా జాగ్వార్ ధర మాత్రం పెరుగుతూ వచ్చింది. అన్నిటికీ మించి, కారు లోపలి యంత్రమే మారింది: వి-12 స్థానంలో రెండు టర్బోలతో కూడిన 3.5 లీటర్ల వి-6 వచ్చింది, నాలుగు చక్రాల బదులు వెనక రెండు చక్రాలకే శక్తి అందింది. టర్బో అంటే ఇంజను వదిలే పొగ వేగంతోనే తిరుగుతూ, బయటి గాలిని ఒత్తిడితో సిలిండర్లలోకి నెట్టే పరికరం. బయానా చెల్లించినవారిలో పలువురు తమకు చూపించిన కారు ఇది కాదంటూ వెనుదిరగగా, వివాదం కోర్టుల దాకా వెళ్లింది. 1992 నుంచి 1994 వరకు ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని బ్లాక్సమ్‌లో తయారైన కార్లు 280కి అటూ ఇటూ. వాటిలో కొన్ని ఆ తరువాత ఏళ్ల తరబడి కొనేవారి కోసం ఎదురుచూశాయి.

ఆనాటి ఆరోపణను నేటి అభిమానులు మరో కోణం నుంచి పరిశీలిస్తారు. వి-6 అన్నది ఖర్చు తగ్గించుకోవడానికి తెచ్చిన నాసిరకం ఇంజను కాదని, ఎంజీ మెట్రో 6ఆర్4 ర్యాలీ కారు కోసం పుట్టి, ఎక్స్‌జెఆర్-11 వంటి జాగ్వార్ పందెపు కార్లను నడిపిన వంశం దానిదని వారు గుర్తుచేస్తారు. అది 542 అశ్వశక్తిని, అంటే ప్రదర్శనలోని వి-12 కన్నా ఎక్కువ శక్తిని ఇచ్చింది, బరువు తగ్గించింది, కారు పొడవును కుదించింది. 1992లో ఇటలీలోని నార్దో వలయాకార పథంపై పందెపు డ్రైవరు మార్టిన్ బ్రండిల్ ఈ కారును గంటకు 212 మైళ్లకు పైగా నడిపారు. పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లను తొలగించాక అది 217 మైళ్లు, అంటే దాదాపు 349 కిలోమీటర్లు అందుకుంది. పేరులోని అంకెకు ఆ కొద్ది మైళ్లు తక్కువైనా, ఆనాటి రహదారి కారుకు అది అసాధారణ వేగమే. విచిత్రంగా, 1993 లె మాన్‌లో తన తరగతిలో మొదటిదిగా నిలిచిన పందెపు ఎక్స్‌జె220ను అవే కన్వర్టర్లు లేవన్న కారణంతో ఆ తరువాత అనర్హమైనదిగా ప్రకటించారు.

మెచ్చుకునేవారు లోపాలను దాచరు. స్టీరింగుకు యంత్ర సహాయం లేదు. చక్రాలు బిగుసుకొని జారకుండా చూసే ఏబీఎస్ లేదు. టర్బో పుంజుకునేదాకా శక్తి వెనకాడి, తరువాత ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. వెనక దీపాలు రోవర్ 200 అనే మామూలు కుటుంబ కారువి. ఒకప్పుడు ఎగతాళికి గురైన ఈ గుణాలే, కంప్యూటర్లు సర్వం సరిదిద్దే నేటి సూపర్‌కార్లతో పోల్చినప్పుడు డ్రైవరు నైపుణ్యానికి అసలైన పరీక్షగా కనిపిస్తున్నాయి. ఈ ప్రశంసలో గతకాలపు మోజు కొంత కలిసి ఉన్నప్పటికీ, మొత్తం మీద అది న్యాయమైనదే. ఎందుకంటే 1992 నాటి తీర్పు కారును నడిపి చెప్పినది కాక, నష్టపోయిన పెట్టుబడిదారులు ఒప్పంద పత్రాలను చూసి చెప్పినది.

అదే మాంద్యం బుగాటి ఈబీ110నూ దెబ్బతీసింది. రొమానో ఆర్తియోలి ఇటలీలోని కాంపొగల్యానోలో కట్టించిన ఆధునిక కర్మాగారంలో, నాలుగు టర్బోల వి-12 ఇంజనుతో, కార్బన్ ఫైబర్ చట్రంతో తయారైన ఈ కారు, సంస్థాపకుడు ఎత్తోరె బుగాటి 110వ జయంతి అయిన 1991 సెప్టెంబరు 15న వెలుగు చూసింది. 1995లో సంస్థ దివాలా తీసేసరికి తయారైనవి 140 లోపే. బుగాటి పేరు తరువాత ఫోక్స్‌వాగన్ చేతికి వెళ్లగా, ఆ కొత్త బుగాటి 2019లో ఈబీ110కి నివాళిగా సెంతొదియేచీ అనే కారును ప్రకటించి, పదే పది ప్రతులను, ఒక్కోటి పన్నులు కాక 80 లక్షల యూరోలకు అమ్మింది. పాత కారు కొనేవారు లేక అరుదైనది. దాని స్మారకాన్ని అరుదైనదిగా ముందే నిర్ణయించి అమ్మారు. నిష్ఠగల అభిమానులు వీటిని ఒకే గాటన కట్టరు, అది సరైన వివేచన.

మాంద్యాన్ని జయించిన ఖ్యాతి మెక్‌లారెన్ ఎఫ్1ది. గోర్డన్ మర్రీ రూపొందించిన, డ్రైవరు నడిమధ్య కూర్చునే ఈ కారు 1995లో లె మాన్ గెలిచింది, 1998లో గంటకు 240 మైళ్లు దాటింది. అయినా అదీ అనుకున్నంతగా అమ్ముడుపోక 106 కార్లతో ఆగింది. 2021లో అమెరికాలో జరిగిన వేలంలో ఒక ఎఫ్1 రెండు కోట్ల డాలర్లకు పైగా పలకగా, ఎక్స్‌జె220 విలువ నేటికీ అందులో చిన్న భాగమే. సంఖ్యలోని తేడా ఒక్కటే దీనికి కారణం కాజాలదు. తొలి అపకీర్తి ఇంకా పూర్తిగా తొలగలేదనడమే సమంజసం.

అభిమానుల్లో నేటికీ తెగని వివాదం ఈ కార్లను నడపాలా, దాచాలా అన్నది. తక్కువ కిలోమీటర్లు తిరిగిన కారుకు వేలంలో ధర ఎక్కువ గనుక దాచేవారి వాదనకు డబ్బు అండగా ఉంది. అయితే కదలని కారులో నూనె బయటికి కారకుండా ఆపే రబ్బరు ముక్కలు ఎండిపోతాయి, టైర్లు గట్టిపడతాయి. ఎక్స్‌జె220 ఇంధన ట్యాంకు లోపలి రబ్బరు సంచిని నిర్ణీత కాలానికి మార్చక తప్పదు, అందుకు ఇంజనునే బయటికి దించాలి. ఇటీవలి సంవత్సరాల్లో ఈ కారు కోసం టైర్లను మళ్లీ తయారుచేయించవలసి రావడానికి, పాతవి వాడకంతో అరిగిపోవడం కన్నా వయసుతో పనికిరాకుండా పోవడమే ప్రధాన కారణం.