అడిగినవారికి, సాత్వికంతో

సంఘాల నుంచి మాకు తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఈ రోజుల్లో సువార్త చెప్పాలంటే భయంగా ఉంది అయ్యగారూ, మానేద్దామా?" మానేయమని వాక్యం చెప్పదు. కాని మొదటి పేతురు 3:15ను మనం సగమే కంఠస్థం చేశాం. జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలన్నది గుర్తుంటుంది. అడిగినవారికి చెప్పాలన్నదీ, సాత్వికంతో చెప్పాలన్నదీ జారిపోతాయి.

మన జిల్లాలోనే డిచ్‌పల్లి ఉంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన వెస్లియన్ మిషనరీ డాక్టరు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ పాదిరిగారు 1915లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి స్థాపించారు. కుష్ఠు సోకినవారిని ఊరి బయట ఉంచిన కాలమది. ఉన్న మందల్లా చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. దాన్ని సూదితో ఎక్కిస్తే చాలా నొప్పి, పైగా నెలల తరబడి వేయాలి. పుండ్లు కడగాలి, కట్టు మార్చాలి, మర్నాడు మళ్లీ అదే. ఆ పనికి ధనసహాయం చేసినవారిలో ముఖ్యులు రాజా నర్సాగౌడ్ గారు. ఆయన హిందువు. తన దేవుళ్లను తిట్టే నోటిని నమ్మి ఎవరైనా డబ్బిస్తారా? ఇరుగుపొరుగును పులిపీఠం మీద నుంచి "అన్యులు" అని పిలిచేటప్పుడు ఈ సంగతి తలచుకోవాలి. మైకు గుడివైపో మసీదువైపో తిప్పేటప్పుడు కూడా.

బోధన్‌లో మేము చేసిన తప్పు చెబుతాం. 2015 డిసెంబరులో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఒక కార్మికుని ఇంటికి వెళ్లాం. ఆ అన్న బకాయి జీతం గురించి చెబుతుంటే మధ్యలో ఆపి, ప్రభువును నమ్ముకుంటే పని దొరుకుతుందన్నాం. ఆయన కోపగించుకోలేదు. "అయ్యగారూ, ఇప్పుడు నేను సరే అంటే అది నా ఆకలి అన్నట్టు గద" అన్నాడు. సెమినరీ చదువంతా ఉండి మాకు జవాబు రాలేదు.

చట్టం చెప్పేదీ ఇంచుమించు ఇదే. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించడానికే కాక ప్రచారం చేయడానికీ హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ తీర్పుపై మనలో చాలామందికి బాధ ఉంది. కాని హృదయాన్ని మార్చేది పరిశుద్ధాత్మ అని నమ్మే మనకు, ఆ పని మనది కాదని వింటే ఎందుకంత కష్టం?

కాబట్టి బియ్యం ఇస్తే బియ్యమే ఇవ్వండి, సంచిలో కరపత్రం పెట్టకండి. ఆసుపత్రిలో మంచం పట్టినవారు లేచి వెళ్లలేరు. వారు అడగందే ప్రార్థన మొదలుపెట్టకండి. తల్లిదండ్రులకు తెలియకుండా పిల్లల దగ్గర బాప్తిస్మం మాట ఎత్తకండి. ఎవరైనా తమంతట తాము అడిగితే మాత్రం దాచకండి, సిగ్గుపడకండి.

ఆ అన్న ఇంటికి మేము మళ్లీ వెళ్లాం, ఈసారి బైబిలు సంచి లేకుండా. బకాయిల కోసం పెట్టుకోవాల్సిన దరఖాస్తు మా చేత రాయించుకున్నాడు. ప్రార్థన చేయమని ఆయన అడగలేదు, చేస్తామని మేమూ అనలేదు. చాయ్ తాగి వచ్చాం.